బావులు తవ్వేవాడి వంతు

నాకు శుభ్రం పిచ్చి. పుస్తకం అట్ట వంకర పోతే చూడలేను, కాగితం మూల ఎవరైనా మడిస్తే ఒళ్ళు మండుతుంది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ గుణం వల్లనే ఒక మంచి స్నేహితుణ్ణి దూరం చేసుకున్నాను, అదీ ఒక ఆట దగ్గర.

కడపలో చదువుకునే రోజుల్లో మా హాస్టల్ గదిలో ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం ఆ ఆట ఆడేవాళ్ళం. బెంగళూరులో మా మేనమామ కొడుకు దగ్గర దాని పుస్తకం చూసి జిరాక్స్ తీయించుకొచ్చాను. బోర్డు ఉండదు, ముక్కలు ఉండవు. ఒకడు కథ చెప్తాడు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషిగా ఉంటారు. "నేనిప్పుడు గోడ దూకుతా" అంటాడొకడు. దూకాడా, కాలు విరిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. పుస్తకంలో చెప్పిన ఇరవై ముఖాల పాచిక కడప అంతా తిరిగినా దొరకలేదు. అందుకని ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి, స్టీలు గ్లాసులో వేసి, కుదిపి ఒకటి తీసేవాళ్ళం. పెద్ద అంకె వస్తే పని అయినట్టు, చిన్నదొస్తే చెడినట్టు.

కథ చెప్పేవాణ్ణి నేనే. నది మాయమైపోయిన ఒక రాజ్యాన్ని కల్పించాను. ఆ నదిని వెతుక్కుంటూ ముగ్గురు బయల్దేరతారు. డోన్‌లో కిరాణా కొట్టున్న వాళ్ళబ్బాయి సేనాపతి అయ్యాడు. కమలాపురం రైతుబిడ్డ మాంత్రికుడయ్యాడు. మూడోవాడు మాత్రం, "నేను బావులు తవ్వేవాణ్ణప్పా" అన్నాడు.

"కత్తీ గిత్తీ వద్దా?" అన్నాను.

"కత్తికి నీళ్ళు పడతాయా?" అన్నాడు వాడు.

అందరం పడీ పడీ నవ్వాం. కానీ ఆట రుచి తెలిసింది వాడికే. కమలాపురంవాడు చిన్న అంకె వస్తే చీటీ మళ్ళీ గ్లాసులోకి జార్చేవాడు. వీడు రెండొచ్చినా మూడొచ్చినా అరచేతిలో పెట్టి అందరికీ చూపించేవాడు.

చదువు అయిపోయింది. సేనాపతి డోన్‌లో కొట్టు మీద కూర్చున్నాడు, మాంత్రికుడు సేద్యంలో పడ్డాడు. బావులు తవ్వేవాడికి మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర లారీల లోడింగ్ చూసుకునే పని దొరికింది. పోతూ పోతూ చీటీలు అగ్గిపెట్టెలో పోసుకుని జేబులో వేసుకున్నాడు. నేను కర్నూలులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. పొద్దస్తమానం నా ముందు ఇంటర్నెట్ ఉండేది. అప్పుడే ఒక ఉచిత సైట్ కనబడింది. ఇలాంటి ఆటలు ఆడేవాళ్ళ కోసమే కట్టినది. అందరం ఒకే చోట రాసుకోవచ్చు, దిద్దుకోవచ్చు. పాచిక కూడా అదే వేసి అంకెను అందరికీ మెయిల్‌లో పంపేది. ఆట చచ్చిపోలేదని ఎంత సంబరపడ్డానో!

రెండు నెలలు కూర్చుని దాన్ని పెళ్ళిపందిరిలా అలంకరించాను. రాజ్యం పటానికి ఒక పేజీ, ఒక్కో పాత్రకు ఒక్కో పేజీ, అన్నిటికీ ముందు కథ నడిచే పెద్ద పేజీ. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పట్టిక. పెద్ద పేజీలో రాసినవాడికి పచ్చరంగు, రాయనివాడికి ఎరుపు. వరసగా మూడు ఎరుపులు పడితే ఆ పాత్ర పోతుందని నియమం కూడా పెట్టాను.

మంగంపేటవాడు ఆదివారాలు బస్సెక్కి కోడూరు వెళ్ళి నెట్ సెంటర్‌లో కూర్చుని రాసేవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అదీ అన్నీ పెద్దక్షరాలే, చుక్క లేదు, కామా లేదు. ఒకసారి ఏదో నొక్కబోయి ఏదో నొక్కి నా పెద్ద పేజీలో సగం తుడిచేశాడు. నాకు తిక్క రేగింది. వాళ్ళ గని ఆఫీసుకు ఫోన్ చేసి వాణ్ణి పిలిపించాను.

"ఇంకోసారి పెద్ద పేజీ ముట్టుకోవద్దు. నీ పాత్ర పేజీ వెనక చర్చ అని ఇంకో పేజీ ఉంటాది. ఏం రాసుకుంటావో దాంట్లో రాసుకో. నేను శుభ్రం చేసి ముందుకు తెచ్చి పెడ్తా" అన్నాను.

"అట్లే గానీలేప్పా" అన్నాడు. కోపం కూడా తెచ్చుకోలేదు.

ఫోన్ పెట్టేశాను. ఆ వారం ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్షలు. నేనన్న మాట నేనే మరిచిపోయాను. ఇది సాకు కాదు. జరిగింది ఇంతే.

పట్టికలో వాడి వరసన ఒక ఎరుపు పడింది, రెండోది పడింది, మూడోదీ పడింది. ఇంకా కొన్నాళ్ళు ఆగాను. ఆగాను కదా అని నా మంచితనానికి నేనే మురిసిపోయాను కూడా. డోన్‌వాడు ఫోన్‌లో, "వాడు అట్ల ఊరకుండేవాడు కాదప్పా, ఒకసారి కనుక్కోరాదూ" అన్నాడు.

"ఆడేవానికి లేని శ్రద్ధ నాకెందుకు?" అన్నాను.

ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే అయిపోయేది. చెయ్యలేదు. పెద్ద పేజీ తెరిచి రెండే వాక్యాలు రాశాను. బావి గట్టు విరిగింది. బావులు తవ్వేవాడు లోపల పడి చనిపోయాడు. రాశాక పట్టికలోంచి వాడి వరస తీసేశాను. ఎరుపంతా పోయి పట్టిక పచ్చగా, ముచ్చటగా కనబడింది.

వాడి దగ్గర్నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడులే అనుకున్నాను. మిగిలిన ఇద్దరూ కొన్నాళ్ళు ముక్కుతూ మూలుగుతూ రాసి, మానేశారు. నది దొరకలేదు.

నాలుగైదేళ్ళకు ఆ సైట్ మూసేస్తున్నామని మెయిల్ వచ్చింది. ఎవరివి వాళ్ళు దాచుకోమన్నారు. నా బుద్ధి తెలిసిందే, ఒక్క పేజీ వదలకుండా వరసగా దాచుకుంటూ పోయాను. బావులు తవ్వేవాడి పేజీ వచ్చింది. దాని వెనక చర్చ తెరిచాను.

నిండా పెద్దక్షరాలు.

ప్రతి ఆదివారం రాశాడు. "ఈడ నేల తెల్లగా ఉండాది, తవ్వుడు మొదులుపెట్టినా. చీటీ తీసినా, నాలుగు పడింది. రాయి తగిలింటాది." తర్వాతి వారం, "మళ్ళా మూడే. ఏం జేస్తాం." ఆ తర్వాత, "నువ్వు శుభ్రం చేసి పెడ్తానన్యావు గదా, పనుల్లో ఉంటావులే, తొందర లేదు." కోడూరు నెట్ సెంటర్‌లో, పక్కన చూసేవాడెవడూ లేని చోట, సైట్ వేసే పాచిక జోలికి పోకుండా అగ్గిపెట్టె లోంచి చీటీ తీసి మూడు పడితే మూడని రాశాడు. ఇరవై అని రాసుకున్నా అడిగేవాడు లేడు.

చివరికి ఒక వారం, "పద్దెనిమిది పడిందప్పా! నీళ్ళు పడినాయా? వచ్చే ఆదివారం వచ్చి చూస్తా."

వచ్చి చూశాడు. దాని కింద ఇంకొకటే ఉంది. "పేజీ చూసినా. నన్ను బావిలో పడేసినావు. సర్లే. నీళ్ళు పడినాయో లేదో అది చెప్పలేదు."

ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు చూస్తున్నారని కూడా చూడకుండా ముఖం చేతుల్లో పెట్టుకున్నాను. సిగ్గు వేసింది. అంతకంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది.

డోన్‌వాణ్ణి అడిగి సెల్ నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. ఇంకా మంగంపేటలోనే ఉన్నాడు. పెళ్ళయిందన్నాడు, కూతురు పుట్టిందన్నాడు. ఇవేవీ నాకు తెలియవు. వెనక లారీల రొద. చర్చ పేజీ సంగతి చెప్పాను. తప్పంతా నాదేనన్నాను.

"అదంతా యాడ గుర్తుంటాదప్పా, శానా ఏండ్లాయె" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. పొరుగూరి నుంచి వచ్చిన కొత్త మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడాడు.

ఫోన్ పెట్టేస్తాడేమోనని గబగబా అన్నాను. "రేయ్, ఆ బావిలో నీళ్ళు పడినాయిరా. మంచి తియ్యటి నీళ్ళు."



"పడక యాడికి పోతాయి, పద్దెనిమిది గదా" అన్నాడు. "లారీ వచ్చింది, పెడ్తాండా."

ఆ అంకె నేను చెప్పలేదు.