శేషగిరి అంకుల్ కొట్టిన వన్స్ మోర్

నిన్న పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్య నా కారు ఆపాడు.

“మేడమ్, శేషగిరి సార్ ఇగ లేడు. నిద్రలనే పోయిండంట. నిన్న సాయంత్రం గూడ నాతోని మంచిగనే మాట్లాడిండు.”

నమ్మలేదు. యాదయ్య మీద కోపం కూడా వచ్చింది. పాపం, అతనేం చేస్తాడు.

శేషగిరి అంకుల్‌ది మా పై ఫ్లోర్. కాకినాడ వైపు మనిషి, రిటైర్డ్ గవర్నమెంట్ ఉద్యోగి. నాకు బంధువేం కాదు. కానీ నేను మళ్లీ నోరు విప్పి పాడానంటే ఆయన వల్లే.

చిన్నప్పటి నుంచి చర్చి క్వైర్‌లో పాడేదాన్ని. థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక పై స్వరాలు అందలేదు. నలుగురిలో గొంతు జారితే పరువు పోతుందని పాడటమే మానేశాను.

కిందటేడు క్వైర్ ఫ్రెండ్ జోయెల్, మా ఖాజాగూడ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో చిన్న ప్రోగ్రామ్ పెట్టాడు. మూడొందల ఏళ్ల నాటి ఇటాలియన్ ఒపెరాల్లోంచి నాలుగు పాటలు. ఒక కీబోర్డు, రెండు వయొలిన్లు, ముప్ఫై ప్లాస్టిక్ కుర్చీలు. బతిమాలి ఒక పాట నాతో ఒప్పించాడు.

అంకుల్ పాట కోసం రాలేదు. క్యారమ్స్ ఆడటానికి వచ్చారు. బోర్డు తీసేశామని మొహం మాడ్చుకుని వెనక వరసలో కూర్చున్నారు.

నాది చెరలో ఉన్న రాణి పాట.

ఆ కాలపు పాటల్లో ఒక పద్ధతుంది. మొదటి భాగం, మధ్య భాగం అయ్యాక మళ్లీ మొదటి భాగం పాడాలి. ఆ రెండోసారి స్వరాలు అటూ ఇటూ మార్చి మనకు తోచిన సంగతులు వేసుకోవచ్చు.

మొదటి భాగంలోనే గొంతు జారింది. అందరికీ వినపడింది.

మధ్య భాగం ఎలాగో ముగించి, ఇక చాలని జోయెల్‌కి సైగ చేశాను. జనానికి దండం కూడా పెట్టేశాను.

వెనక నుంచి అంకుల్, “వన్స్ మోర్!”

హాలంతా నవ్వు. జోయెల్ కూడా నవ్వుతూ కీబోర్డు మీద మొదటి భాగం అందుకున్నాడు. తప్పించుకునే దారి లేదు.

ఈసారి ఆ పై స్వరం జోలికి పోలేదు. కింద నుంచే ఒక సంగతి వేసుకుని మెల్లగా దాటాను. నా కొత్త గొంతుకు ఏం వచ్చో నాకు అప్పుడే తెలిసింది.

పెద్దాయన సమయం సందర్భం లేకుండా అరిచారనుకున్నాను. తర్వాత టీ తాగుతుంటే ఆయనే వచ్చారు.

“మా ఊళ్లో నాటకాలప్పుడు పద్యం బాగుంటేనే కాదమ్మా, గొంతు జారినా వన్స్ మోర్ కొట్టేవాళ్లం. రెండోసారి సర్దుకుంటాడు కదా, పాపం. దిగులుతో ఇంటికెళ్లకూడదు.”

అక్కడే ఏడ్చేశాను.

మళ్లీ క్వైర్‌లో చేరాను. కానీ గుంపులో ఒకదాన్ని, అంతే. సోలో అంటే ఏదో ఒక వంక చెప్పేదాన్ని.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళితే అంకుల్ భార్య, ఆంటీ, నా చెయ్యి పట్టుకున్నారు. “ఆ రాణి పాట ఒక్కసారి పాడమ్మా. ఆయన వింటే సంతోషించేవారు.”

చుట్టూ వాళ్ల బంధువులు. నేనేమో చర్చికి వెళ్లేదాన్ని, పాటేమో ఇటాలియన్. పక్కన వాయించేవాళ్లు కూడా లేరు. భయపడుతూనే మొదలుపెట్టాను.

గొంతు రెండు చోట్ల జారింది.

ఆపలేదు. చివరిదాకా పాడాను.

ఈ ఉదయం జోయెల్‌కి ఫోన్ చేసి, వచ్చే నెల సోలో నాకే ఇవ్వమన్నాను.

వెళ్లి రండి అంకుల్. మీరు వెళ్లిన చోట మీకు హాయిగా, ప్రశాంతంగా ఉండాలి.