అందరి కళ్లలో ఒకే మచ్చ

నేను చదివిన చదువేమిటో మా అన్నకు ఇప్పటికీ అంతుపట్టదు. తెలుసుకుందామని ఒక్కసారి మాత్రం గట్టిగా ప్రయత్నించాడు. నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందు కూర్చొని అడిగాడు.

"ఇంతకు నువ్వు ఆ ల్యాబుల ఏం జేస్తవ్‌రా?"

"వెలుతురు కొలుస్తనే."

"దాంట్ల కొలిచేదేమున్నది? పొద్దుగాల వస్తది, మాపటికి పోతది."

ఆ తర్వాత ముప్పై ఏళ్లు దేశదేశాల పత్రికలకు పరిశోధన పత్రాలు రాశాను. ఎన్ని రాశానో నాకే లెక్క తప్పింది. అన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేకపోయాను.

నా మొదటి పదేళ్లు పాలల్లోనే గడిచాయి. నిజంగానే పాలు. గ్లాసు నీళ్లలో చుక్క చుక్కగా పాలు కలిపి, అందులోంచి లేజర్ పంపి, అవతలికి ఎంత వెలుతురు చేరింది, దారిలో ఎంత చెదిరింది అని కొలిచేవాణ్ణి. మసకలోంచి వెలుతురు ఎలా పోతుందన్నదే నా విషయం. పాల మీద రాశాను, పొగమంచు మీద రాశాను, సబ్బునీళ్ల మీద రాశాను. ఒక ఎండాకాలం సెలవుల్లో మా వదిన తాగమని ఇచ్చిన గంజి మీద కూడా రాశాను. అది ఆమెకు తెలిశాక నాకు గంజి ఇవ్వడం మానేసింది. ఏది కంటపడితే దాని మీద పేపరు రాయడం నాకో జబ్బు, ఒప్పుకుంటాను.

అలా ఉండగా హయత్‌నగర్‌లో చిన్న కంటి దవాఖాన నడిపే ఒక డాక్టరమ్మ మా ల్యాబుకు వచ్చింది. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్లది. నా గ్లాసు వైపు కాసేపు చూసి, "సార్, పెద్దవాళ్ల కంట్లో లెన్సు కూడా ఇలాగే తెల్లబడుతుందండీ. ఈ పాలు వదిలేసి అది కొలవకూడదా మీరు?" అంది. అంతే. పక్క గదిలోకి వెళ్లినంత సులువుగా భౌతికశాస్త్రంలోంచి కంటి వైద్యంలోకి వెళ్లిపోయాను. ఆమె ఆపరేషన్లు చేసేది, నేను పేపర్లు రాసేవాణ్ణి. ఆమె బాగుచేసినవాళ్లు బస్సెక్కి ఇళ్లకు పోయేవాళ్లు. నేను రాసినవి అల్మారాలో ఉండేవి.

ఇద్దరం కలిసి ఒక మిషన్ తయారుచేశాం. చూడ్డానికి మిక్సీ కంటే కొంచెం పెద్దది. గడ్డం ఆనించి కూర్చుంటే అది కంట్లోకి సన్నటి వెలుతురు పంపుతుంది. తెర మీద కన్ను ఎర్రటి గుండ్రంలా మెరుస్తుంది, లెన్సు ఎక్కడ మసకబారితే అక్కడ నల్లగా కనబడుతుంది. దసరా మరునాడు మా ఊళ్లోనే, సెలవులకు ఖాళీగా ఉన్న బడి గదిలో క్యాంపు పెడదామనుకున్నాం. పండక్కి రెండు రోజుల ముందు మిషన్ తీసుకొని ఇంటికి చేరాను.

ఊళ్లో నాకున్న పేరు వేరు. "మా తమ్ముడు కండ్ల డాక్టర్" అని అన్న ఎప్పుడో ప్రకటించేశాడు. నేను డాక్టర్‌ను కాదు, భౌతికశాస్త్రంలో డాక్టర్‌ను అని చెప్తే, "మరి డాక్టర్‌వే కదా" అనేవాళ్లు. బస్టాండులో దిగగానే ఎవరో ఒకరు కింది రెప్ప లాగి నా మొహం ముందు పెట్టేవాళ్లు.

అన్న బస్సు డ్రైవర్. ఇరవై ఏళ్లకు పైగా సిటీకి నడిపాడు, బస్సు మీద గీత పడనివ్వలేదు. నౌకరీలో అప్పుడప్పుడు కంటి పరీక్ష ఉంటుంది. దానికి ఆయన పద్ధతి ఆయనకుంది. లైన్లో చివర నిలబడి, ముందువాళ్లు బోర్డు మీది అక్షరాలు చదువుతుంటే విని కంఠస్థం చేసేవాడు. పెళ్లిళ్లలో ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించేవాడు కూడా. ఆ దసరాకు వదిన నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

"మీ అన్నకు కుడి కన్ను సక్కగ కనవడ్తలేదు. చాయ గిలాసల పొయ్యబోయి పక్కన పోస్తుండు. పదిహేను రోజులల్ల పరీక్ష ఉన్నది. పాసు గాకుంటే స్టీరింగ్ ఇడిపిచ్చి షెడ్డుల కూసోవెడ్తరట. గట్లైతే ఆ మనిషి బతుకుతడా?"

అన్న కూడా ఊరుకోలేదు. సాయంత్రం మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏమడుగుతది ఇది?"

"ఏం అడగదే. అదే చూసుకుంటది."

"అక్షరాలు గిట్ల సదవాల్నా?"

"ఏం సదవద్దు."

అన్న మొహం వాడిపోయింది. అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు.

దసరా పొద్దున నేను మటన్ లైన్లో నిలబడి ఉండగా ఇంట్లో ఆయుధపూజ జరిగిపోయింది. అన్న ఏటా స్కూటర్‌కు, బోరు మోటారుకు, వదిన కుట్టు మిషన్‌కు చేస్తాడు. ఈసారి నా మిషన్‌కు కూడా చేశాడు. నేను వచ్చేసరికి దాని మెడలో బంతిపూల దండ, కింద నిమ్మకాయ, పక్కన కొట్టిన కొబ్బరికాయ. నా సైన్సుకు మా ఇంట్లో దక్కిన మొదటి గౌరవం అది. కళ్లు చెమర్చాయి. దండ జాగ్రత్తగా తీసి, పైన పూసిన పసుపు తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాను. ముందున్న అద్దం వైపు చూడాలని నాకు తట్టలేదు.

మరునాడు పొద్దున్నే బడి ముందు లైను కట్టారు. డాక్టరమ్మ మధ్యాహ్నం వస్తానంది. మొదట ఒక పెద్దమ్మ కూర్చుంది. తెర మీద గుండ్రం మధ్యలో, కొంచెం కిందికి, ఒక మచ్చ. తర్వాతి మనిషికీ మచ్చ. ఆ తర్వాతి ఆయనకూ మచ్చే, అదే చోట. పదిమంది అయ్యేసరికి నోటుబుక్కు తీశాను. ఒకే ఊళ్లో, ఒకే చోట, ఒకే తీరు మచ్చ. ఇంతకుముందు ఎవరూ చూసి ఉండరు. పదకొండు గంటలకల్లా పేపరుకు శీర్షిక కూడా ఆలోచించేశాను. కారణం నీళ్లా, పొలాల్లో కొట్టే మందులా, తిండా? ఒక్కొక్కరినీ నిలబెట్టి ఆరా తీయడం మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, కల్లు తాగుతవా?"

"నువ్వు పోపిస్తనంటే తాగుత కొడ్కా."

వాకిట్లో లైను చూస్తున్న అన్న ఇదంతా విన్నాడు. అందరికీ మచ్చ ఉందని తెలిసేసరికి ఆయనకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. పిలవకముందే వచ్చి గడ్డం ఆనించాడు. ఎడమ కన్నుకు అందరిలాంటి మచ్చే. కుడి కన్నుకు పెద్దది, గుండ్రంలో సగం నల్లగా. నేను సంబరంగా 'ఇదే మచ్చ, బాగా ముదిరినది' అని రాసుకున్నాను. అది సొంత అన్న కన్ను అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"అందరికున్నదే కదరా, ఇంక ఫికరేముంది" అని అన్న మీసం దువ్వుకుంటూ లేచాడు.

డాక్టరమ్మ వచ్చింది. నేను ఊపిరి తీసుకోకుండా నా ఘనకార్యం వివరించాను. ఆమె పెద్దమ్మ కంట్లోకి తన టార్చి వేసి చూసింది.

"ఈవిడ కళ్లు శుభ్రంగా ఉన్నాయండీ."

"తెర మీద మచ్చ ఉంది కదా డాక్టర్ గారూ."

"మీరు కూర్చోండి సార్."

కూర్చున్నాను. నా రెండు కళ్లలోనూ అదే మచ్చ, అదే చోట. ఆమె దూది తీసి మిషన్ ముందున్న అద్దాన్ని తుడిచి నాకు చూపించింది. దూది ఎర్రగా ఉంది.

"కుంకుమండీ" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరిని చూసినా ఒకే చోట మచ్చ కనబడితే తప్పు చూసే అద్దానిదని మొదటి సంవత్సరం పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి నేను. కోపమంతా అన్న మీదికి మళ్లింది.

"అద్దానికి బొట్టెందుకు పెట్టినవే?"

"మొకానికి గాక యాడ పెడ్తర్రా? మీ వదిన వద్దన్నదని మల్ల తువ్వాలతోని తుడిచిన గూడ."

గదిలో అందరూ పగలబడి నవ్వారు. పెద్దమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. పొద్దుటి నుంచి చూసినవాళ్లను మళ్లీ కూర్చోబెట్టాం. ఒకరిద్దరు ముసలివాళ్లను వదిలేస్తే మచ్చలన్నీ మాయం. నా పేపరు కూడా వాటితోనే పోయింది. చివరికి అన్న మిగిలాడు. నవ్వుతూనే కూర్చున్నాడు. ఎడమ కన్ను శుభ్రంగా ఉంది. కుడి కంట్లో నలుపు అలాగే ఉంది.

"ఇంక జర కుంకుమ ఉన్నట్టున్నది. తుడువ్" అన్నాడు.

తుడిచాను. దూది తెల్లగానే వచ్చింది. నలుపు కదల్లేదు.

"ఇంకోసారి తుడువ్‌రా."

అద్దం మీద ఏమీ లేదని నాకు తెలుసు. అయినా తుడిచాను. మూడోసారి ఆయన అడగకముందే తుడిచాను. అన్న గడ్డం తీయకుండానే, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"నా గురించి మంచిగ చెప్తదేమోనని బొట్టు వెట్టినరా దానికి."

ఇన్నేళ్లలో ఎన్ని వేల కళ్లు చూశానో. ఆ ఒక్క కన్ను ముందు నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ నన్ను పక్కకు జరిపి, తానే తెర చూసి, టార్చితో కన్ను చూసింది.

"మామూలు శుక్లమేనండీ. చిన్న ఆపరేషన్."

"అద్దం తుడిచినట్టు తుడుస్తవా అమ్మా?"

"తుడవడం కాదండీ. పాత లెన్సు తీసేసి కొత్తది పెడతాం."

అన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "ఓ, బస్సుకు ముంగటి అద్దం మార్చినట్టు" అన్నాడు. నా ముప్పై ఏళ్ల విజ్ఞానం ఆయనకు అర నిమిషంలో అర్థమైపోయింది. ఇంత సులువుగా చెప్పే మాట నాకెందుకు దొరకలేదో మరి.

అన్న సెలవు పెట్టి, పరీక్ష వాయిదా వేయించుకొని, ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎడమ కంటికి కూడా ఎన్నేళ్లుగానో దూరం ఆనడం లేదని అక్కడే తేలి, కళ్లద్దాలు ఇచ్చారు. రెండు నెలల తర్వాత పరీక్షకు వెళ్లి, లైన్లో మొట్టమొదట నిలబడి అక్షరాలు చదివి వచ్చాడు. మళ్లీ స్టీరింగ్ ఎక్కిన రోజు నన్ను తన వెనక సీట్లోనే కూర్చోబెట్టుకున్నాడు. ఇబ్రహీంపట్నం దాటామో లేదో కనబడ్డ ప్రతి బోర్డూ పైకి చదవడం మొదలుపెట్టాడు. దారిలో బొంగుళూరు గేటు దాటాక ఒక మూల మలుపు దగ్గర బ్రేకు మీద కాలు వేసి, 'ముందు మలుపు కలదు, నిదానంగా నడపండి' అని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"అరె, ఈడ బోర్డున్నదా? ఎప్పుడు వెట్టిన్రురా దీన్ని?"

ఆ బోర్డు అంచులు తుప్పు పట్టి రాలిపోతున్నాయి. నేను కాలేజీ నుంచి ఇంటికి వచ్చే శనివారాలు గుర్తొచ్చాయి. అన్న బస్సని ధీమాగా, ఇదే సీట్లో, ఇదే మలుపులో, నోరు తెరుచుకొని నిద్రపోయేవాణ్ణి.

"మొన్ననే వెట్టిన్రే" అని చెప్పి, ముందున్న రాడ్డు రెండు చేతులతో పట్టుకున్నాను.