దీపం ఆరని పాతర

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో ఉండే మా అక్క, జొన్న పాతర తీస్తున్నాం, చూద్దువుగాని రమ్మని కబురు పంపింది. నేలలో బావిలా తవ్వి గింజలు దాచే గుంతను అక్కడ పాతర అంటారు. పట్నంలో పెరిగిన పాపానికి నేను ఒక్కటీ చూడలేదు. నంద్యాలలో ఆరింటి బస్సెక్కాను. శిరివెళ్ల మీదుగా గంటన్నర ప్రయాణం, టికెట్ నాలుగు రూపాయలు. ఎడమవైపు కూర్చుంటే దారి పొడవునా నల్లమల కనిపిస్తుంది.

నేను చేరేసరికి వాకిట్లో మూతబండ తీసి ఉంది. బావ వాళ్ల నాయన తాడు కట్టిన లాంతరును పాతరలోకి దించుతున్నాడు. లోపల గాలి చెడితే దీపం ఆరిపోతుందట, ఆరకపోతే మనిషి దిగొచ్చట. తాతల నాటి పరీక్ష. దీపం నిండుగా వెలిగింది.

"ఏం బయం ల్యా, దిగు నాయనా," అన్నాడు పెద్దాయన.

బావ నడుముకు తాడు కట్టుకుని దిగాడు. ఒక గంపెడు జొన్నలు పైకొచ్చాయి. రెండో గంప రాలేదు. అక్క వంగి పిలిచింది.

"మీ కొడుకు పలకల్యా మామా. లాగండి."

"దీపం ఎలుగుతానే ఉండాది గదమ్మా. యాడికి పోతాడు?"

నిజంగానే వెలుగుతోంది. ఆ వెలుగులో బావ గోడకు చేరగిలబడి, కదలకుండా కూర్చుని ఉన్నాడు. అక్కే ముందుగా తాడు అందుకుంది. ముగ్గురం కలిసి లాగాం.

పైకొచ్చాక బావ కళ్లు తెరిచాడు, మాట్లాడాడు కూడా. హమ్మయ్య అనుకున్నాం. అక్క మాత్రం ఊరుకోలేదు, నంద్యాలకు నలభై రూపాయలకు జీపు మాట్లాడింది. దారిలో డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఏమప్పా, ఇంత వెల్లుల్లి తిన్నావ్? జీపంతా వాసనొస్తాంది."

"పొద్దున్నుంచీ ఏం తినలేదన్నా," అన్నాడు బావ. అక్క వైపు తిరిగి, "చలి పెడ్తాందే," అన్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

గింజల్లో ఏం మాత్రలు వేశారని ఆసుపత్రిలో డాక్టరు మొదటే అడిగాడు. పురుగు పడుతోందని అంతకు ముందు వారం బావే తెచ్చి వేసి మూత పెట్టాడట. వాటి నుంచి పుట్టే, వెల్లుల్లి వాసన కొట్టే ఫాస్ఫీన్ వాయువు దీపాన్ని ఆర్పదు. "గాలి లోపలికి పోతూనే ఉంటుంది. ఒళ్లు దాన్ని వాడుకోలేదు," అన్నాడు డాక్టరు. బావ ఏ చేను ముందు దున్నాలో అక్కకు స్పష్టంగా చెబుతూనే ఉన్నాడు. పొద్దు గుంకేలోపు ఆ మాటతో పాటు ఊపిరీ ఆగిపోయింది.

ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు. మాత్రలు అమ్మినవాడు ఒక్క ముక్క చెప్పి ఉంటే మా అక్క బతుకు అలా అయ్యేది కాదు. అహోబిలం దారిలో ఎవరైనా పాతర చూపిస్తామంటే, మాత్రలు వేశారా అని ముందు అడగండి. వేశామంటే దాని దరిదాపుల్లో నిలబడకండి, ఎవరినీ దిగనివ్వకండి. పిరికివాళ్లని నవ్వుతారు. నవ్వనివ్వండి.