వెదురులో కప్పకు కావలి ఎవరు

పోయిన వారం గుడుపల్లెలో ఆసుపత్రి డ్యూటీలో ఉండగా పుంగనూరు నుంచి నాయన ఫోను చేశాడు. "మీ టీచరమ్మ పోయిందంటమ్మా. బయల్దేరి వస్తావా?" అన్నాడు. చేతిలో ఉన్న చీటీ ఏ రోగిదో కూడా మరిచిపోయాను.

ఎనిమిదో తరగతిలో మాకు సైన్సు చెప్పింది ఆమె. సుద్దముక్క అరిగి గోరు బోర్డుకు తగిలేదాకా పారేసేది కాదు. తెలియనిది అడిగితే "నాకూ తెలీదు, సూసి చెప్తా" అనేది. మరునాడు తప్పకుండా చెప్పేది.

ఆ ఏడాదే మా అమ్మ చనిపోయింది. నాయన మదనపల్లె టమోటా మార్కెట్లో కూలి. అమ్మ పోయాక నేను మొదటిసారి బడికి వెళ్ళిన రోజు, అంతరించిపోతున్న జంతువుల పాఠం. టీచరమ్మ కోలా బొమ్మ గీసింది. ఆస్ట్రేలియాలో ఉంటుందనీ, బిడ్డను నెలల తరబడి పొట్టమీది సంచిలోనే సాకుతుందనీ చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. క్లాసంతా నావైపు తిరిగింది.

ఆమె నా దగ్గరికి రాలేదు. కోలా పక్కనే వెదురు బొంగు గీసి, అందులో చిన్న కప్పను వేసింది. పడమటి కనుమల్లో ఉండే ఈ కప్ప వెదురు లోపల గుడ్లు పెడుతుందట. రెండూ తగ్గిపోతున్నాయి, కప్ప అయితే మరీ తక్కువ అంది. చెట్లు కొడితే దానికి తిండి ఉండదు, వెదురు నరికితే దీనికి ఇల్లు ఉండదు. మరి తేడా ఏమిటని ఎవరో అడిగారు.

"కోలా బిడ్డను సాకేది అమ్మ. ఈడ కప్ప గుడ్లకు కావలి ఉండేది నాయన," అంది. నావైపు చూడకుండానే, "నాయన సాకినా బిడ్డలు బతుకుతారు" అంది.

అప్పటికే నాయన నన్ను బడి మాన్పించి సోమలలో మేనత్త దగ్గర వదలాలనుకున్నాడు. ఆ సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చి, నన్ను నీళ్ళకు పంపి, ఆయనతో చాలాసేపు ఉంది. నేను సోమలకు వెళ్ళలేదు. చదువుకుని నర్సునయ్యాను.

నిరుడు బస్టాండులో ఆమె కనబడింది. బస్సు కదులుతోందని చెయ్యి ఊపి ఎక్కేశాను. తర్వాత ఆమె ఇంటికి వెళ్ళి కూర్చుని మాట్లాడదాంలే అనుకున్నాను. వెళ్ళలేదు.

నాయన ఫోను రాగానే బయల్దేరి పుంగనూరు చేరాను. టీచరమ్మ ఇంటికి నడుస్తూ, ఆ రోజు ఆమె ఏం చెప్పి ఒప్పించిందని నాయనను అడిగాను. ఇన్నేళ్ళూ అడగనే లేదు.

"మాటలేం చెప్పలేదమ్మా. పొయ్యికాడ కూర్చోని సంగటి కెలికేది నేర్పిచ్చి పోయింది," అన్నాడు.

ఆమెను వరండాలో పడుకోబెట్టారు. వచ్చినవాళ్ళు దండం పెట్టి నీడకు జరుగుతున్నారు. నాయన మాత్రం ఆమె తల దగ్గర గొంతుక్కూర్చుని, ముఖం మీద ఈగ వాలకుండా తువ్వాలుతో మెల్లగా విసురుతూనే ఉన్నాడు.