ప్రభు బల్ల మీది పచ్చరాతి కూజా

మా మేనత్త కువైట్‌లో ఒక పెద్దింట్లో పదమూడేళ్లు పనిచేసింది. వచ్చేటప్పుడు ఆ ఇంటామె ఇచ్చిన కూజాను నంద్యాలలోని మా ప్రార్థనా మందిరానికి కృతజ్ఞతార్పణగా ఇచ్చింది. అన్నేళ్ల కష్టానికి ఆమె చూపించుకోగలిగింది అదొక్కటే.

మూరెడు ఎత్తు. ఒళ్లంతా మలకైట్ అనే పచ్చరాయి, నీటి సుడుల్లాంటి చారలతో. రెండు పక్కలా పిడులకు బదులు బంగారు పూత పూసిన కంచు స్త్రీలు, వీపున రెక్కలు. పాత గ్రీకు పద్ధతిని చూసి యూరప్‌లో చేసిందట. దేవదూతలని మురిసిపోయి, రొట్టె, ద్రాక్షారసం ఉంచే ప్రభు బల్ల మీద పెట్టాం.

రెండో ఆదివారానికే సంఘ పెద్దకు అనుమానం వచ్చింది.

“దూతలైతే భుజం మీద గుడ్డ జారిందేందమ్మా? ఎవురి దేవతలో ఏమో. సండేస్కూల్‌లో పిల్లోళ్లకు పది ఆజ్ఞలు చెప్తాండావు గదా, నువ్వే తేల్చు. విగ్రహమైతే మందిరంలోంచే తీసేద్దాం.”

అత్త చేతిరుమాలు తెచ్చి ఆ భుజాలకు కప్పింది.

నాకు తేలలేదు. రూపాలు చెక్కుకోవద్దన్నదీ బైబిలు వాక్యమే, ఆజ్ఞల పలకలుంచే మందసం మీద కెరూబులనే రెక్కల దూతలను బంగారంతో చేయమన్నదీ వాక్యమే. విగ్రహమేదో విగ్రహాలు చేసేవాళ్లకే తెలుస్తుందని, కూజాను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని శిల్పుల ఊరు ఆళ్లగడ్డకు బస్సెక్కాను.

శిల్పి ఉలి పక్కనపెట్టి కూజాను గోటితో తట్టాడు.

“రాయి పైపొరేనమ్మా. పల్చగా కోసి, చారకు చార కలిపి అతికించినారు. ఎవుడు చేసినాడో గానీ వానికి దండం పెట్టాల.”

“దండాలు తర్వాత అన్నా. ఇది విగ్రహమా, కాదా?”

ఆయన నవ్వి, బంగారు ముఖాన్ని వెలుగుకు తిప్పాడు. “కండ్లు చూడు. కనుగుడ్డే ఉంది, కనుపాప లేదు. మేం చెక్కినదైనా గుడిలో కండ్లు తెరిపించేదాకా రాయే. దీనికి ఎవురూ తెరిపించల్యా. బొమ్మే.”

సంతోషంగా వచ్చి చెప్పాను.

“వాళ్ల పద్ధతి మనకు వాక్యమా?” అన్నాడు పెద్ద. ఆయనకూ తేలలేదేమో, బల్ల మీద వద్దు, కిటికీ కింది గట్టు మీద ఉండనీ అన్నాడు.

శనివారం మందిరం ఊడ్చడానికి పోతే, అత్త ఆ గట్టు ముందు మోకాళ్ల మీద ఉంది, తల వంచుకుని. చీపురు వదిలేసి దగ్గరికి పోయాను.

“ఏం చేస్తాండావ్ అత్తా?”

“ఏం, కండ్లు పోయినాయా? దుమ్ము తుడుస్తాండా. ఆడ పదమూడేండ్లు ఇట్లనే తుడిసినా.”

చేతిలో ఆ రుమాలే ఉంది. కానీ పెదవులు కదులుతున్నాయి. పనిచేస్తూ ప్రార్థన చేసుకునే మనిషే. ఆ ప్రార్థన ఎవరికని అడగబోయి సిగ్గుపడ్డాను. ఇంకో గుడ్డ తీసుకుని ఆమె పక్కనే మోకరించాను. కళ్లు మూసుకోవాలో తెరుచుకోవాలో తెలియలేదు.