ప్రభ గుడ్డ మీద సన్నాయి

మస్తానయ్యకి కుదురు లేదు. ముప్ఫై ఆరేళ్లొచ్చినా ఒక్కచోట పట్టుమని పది నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు. అన్నం తింటా తింటా లేస్తాడు. సున్నం కొడతా కొడతా నిచ్చెన దిగి, ఎటో చూస్తా నిలబడతాడు. "నీ కాళ్లకి చక్రాలున్నయ్యా ఏందయ్యా?" అని పెళ్లాం వెంకమ్మ నెత్తి కొట్టుకునేది.

చెయ్యి మాత్రం చెయ్యే, కాదనకూడదు. కొట్ల బోర్డులు, బండి చక్రాలు, పెళ్లిళ్లకి గోడలు, అన్నీ ఆయనే. శివరాత్రికి కోటప్పకొండకి పోయే ఊరి ప్రభ సరేసరి. ఎద్దుల బండి మీద తాటిచెట్టంత ఎత్తున వెదురు కట్టి, దానికి గుడ్డ బిగిస్తారు. ఆ గుడ్డ మీద త్రికోటేశ్వరుణ్ణి, నందిని పన్నెండేళ్లుగా మస్తానయ్యే వేస్తన్నాడు.

ఆ ఏడు నరసరావుపేటలో డ్రాయింగు మాస్టారు ఆదినారాయణ గారింట్లో తలుపులకి రంగెయ్యను పోవడమే కొంప ముంచింది. బల్ల మీద ఏదో మద్రాసు పత్రిక, అందులో ఒక బొమ్మ. బొమ్మంటే బొమ్మ కాదు, అన్నీ రంగులే, ఒకదాన్నొకటి తరుముకుంటన్నయ్యి.

"ఇందులో మనిషేడీ పంతులుగారూ?"

"మనిషి ఉండడు మస్తానయ్యా. ముప్ఫై ఏళ్ల కిందట ప్యారిస్‌లో కొందరు జట్టు కట్టారు. పాట వింటే కంటికి ఏం కనపడుద్దో అదే వేశారు. జనం నవ్వారు. వాళ్లు మాత్రం మానలేదు."

మస్తానయ్య చేతిలో కుంచె కిందపడింది. పడదూ మరి! ఊళ్లో ముర్తుజా సాయిబు సన్నాయి ఊదుతుంటే చిన్నప్పటినుంచీ ఈయనకి రంగులు కనపడతయ్యి. ఏడేళ్లప్పుడు ఆ మాట అమ్మతో అంటే, గాలి సోకిందని మంత్రం పెట్టించింది. ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. తనలాంటోళ్లు ఇంకా ఉన్నారు, పైగా జట్టు కట్టారు! ఆరు మైళ్లూ నడిచాడో పరిగెత్తాడో తెలియకుండా ఇంటికొచ్చాడు. తను వేసింది చూసి, ఇది పాటేనని ఒక్కరంటే చాలు. ఆ ఒక్క కోరికా పట్టుకుని ఇక నిద్ర లేదు, తిండి లేదు.

కోరిక కోరికే. కాలమేంది? నలభై ఆరో సంవత్సరం. యుద్ధం ఆగింది గానీ గుడ్డకరువు ఆగలేదు. కూపన్లకి బట్ట. ఊళ్లో ఇంటింటా తలా ఒక కూపను దేవుడి పేరు చెప్పి ఇస్తే ఆ ప్రభకి ఇరవై గజాలొచ్చింది. వెంకమ్మ కూడా ఇచ్చింది, ఒంటి మీద మూడు అతుకుల చీరతో. మస్తానయ్యకి ఇదంతా తెలియదా? తెలుసు. తెలిసే చేశాడు, అదీ నాకు ఒళ్లు మండేది.

నాలుగు రోజులు చావిట్లో తలుపేసుకున్నాడు. సన్నాయి నిదానంగా లేచేచోట నీలిమందు. గమకాలకి పసుపు చుక్కలు. నడుమన మూడు గజాల పొడుగున జేగురు, ఎక్కడా తెగకుండా ఒకటే ఎరుపు. కొండ మొదట్లో ప్రభ కదిలేటప్పుడు ముర్తుజా ఒక్క గుక్కన ఊదే ఊదుడు అది.

గుడ్డ విప్పారు. ఊరంతా నోరు తెరిచింది.

ఊరిపెద్ద పెదకోటయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్, దేవుడేడిరా?"

"పాట పెద్దయ్యా. ముర్తుజా మావ సన్నాయి."

"నీ బొంద! జనం మొలలకి లేని గుడ్డ ఇది. పిలవండ్రా సాయిబుని. ఈ పాట నాదేనని ఆయనంటే ఇట్టాగే ప్రభకెక్కిద్దాం. కాదంటే చీల్చి పంచుతా."

ముర్తుజా వచ్చాడు. అరవై దాటిన మనిషి. గుడ్డ పొడుగునా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. ఎరుపు దగ్గర చానాసేపు ఆగాడు. 

"నాకేం తెలుసు పెద్దయ్యా," అన్నాడు సాయిబు. "రంగులు." మస్తానయ్య మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

ఇక చెప్పేదేముంది! బంక కలిపిన రంగు కదా, వాగులో ఆడోళ్లు బాదితే చానావరకు పోయింది. జేగురు మాత్రం మరకై నిలిచింది. గుడ్డ చీల్చి కూపన్లిచ్చిన ఇళ్లకి పంచారు. ప్రభకి నిరుటి పాతగుడ్డే అతికారు. నాలుగు రోజుల్లో పిల్లకాయలంతా ఎర్రమరకల చొక్కాలతో వీధుల్లో పడ్డారు. వాళ్లు ఎదురైతే మస్తానయ్య సందు మారేవాడు. ఆ సందులోనూ ఇంకొకడు. ఊళ్లో నిలవలేడు, ఊరొదిలి పోలేడు. పుట్టాక మొదటిసారి తిరణాలకి పోలేదు.

పండగైన తొమ్మిదోనాడు ముర్తుజా తనే ఇంటికొచ్చాడు. మస్తానయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆరోజు అబద్ధమాడానురా."

"పో మావా."

"విను. ఆ ఎరుపు నాదే. ఎక్కడ ఎత్తుకున్నానో, ఎక్కడ తిప్పానో, అంతా నాదే. కానీ ఒక్కచోట తెగలేదు చూడు, అంత గుక్క నాకిప్పుడు లేదురా. రెండేళ్లయింది. అక్కడికొచ్చేసరికి డోలు గట్టిగా కొట్టించి కప్పెడతన్నా. నాదేనంటే నీ గుడ్డ ప్రభకెక్కేది. దాని కింద నిలబడి, ఊరంతా చూస్తుండగా నేనెట్టా ఊదేది?"

మస్తానయ్యకి ఆయన్ని కొట్టాలనిపించింది. కాళ్లు పట్టుకోవాలనీ అనిపించింది. అటు నడిచాడు, ఇటు నడిచాడు. చివరికి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"మరి పసుపు చుక్కలు మావా?"

సాయిబు కళ్లు మూసుకుని, వేళ్లతో తొడ మీద లెక్క చూసుకున్నాడు.

"గమకం మూడోసారి వచ్చేచోట రెండు ఎక్కువ పెట్టావురా. అక్కడ నేనంత తొందరపడను."

మస్తానయ్య కిందకూలబడి చిన్నపిల్లాడి మాదిరి ఏడ్చాడు.