మామయ్య బస్సుకి రెండో మానిటర్

మా ఇంట్లో కంప్యూటర్ ఆటలు ఆడేది మొదట్లో నేనొక్కదాన్నే. ఆఫీసు పని ఇంటి నుంచే కాబట్టి, పని ముగిశాక వంటింట్లోకి వెళ్ళేలోపు నా సొంత లాప్‌టాప్‌లో కాసేపు కారు రేసు ఆడుకోవడం పెళ్ళికి ముందు నుంచీ నాకున్న అలవాటు. బల్లకి బిగించుకునే ఆటల స్టీరింగు ఒకటి పుట్టింటి నుంచి తెచ్చుకున్నాను కూడా. మాది గుంటూరు వైపు. అత్తవారిది నల్గొండ దగ్గర పల్లె, కానీ ఎల్బీ నగర్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. కోడలు స్టీరింగు పట్టుకుని కూర్చునే సంగతి అత్తయ్య మొదట్లో బంధువుల దగ్గర దాచేవారు. తర్వాత ఆవిడకే విసుగొచ్చి మానేశారు. మామయ్య మాత్రం గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయేవారు.

మామయ్య బస్సు డ్రైవరుగా పనిచేశారు. చాలాకాలం విజయవాడ రోడ్డు మీద, ఆ తర్వాత సిటీలో. డ్రైవర్లకి చేసే కంటి పరీక్షలో ఒకసారి పక్కచూపు తగ్గిందని తేల్చి ఆయన్ని స్టీరింగు మీంచి దించేశారు. మిగిలిన సర్వీసంతా డిపో ఆఫీసులో కుర్చీలో గడిచింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటోంది, చుక్కలు మానొద్దు అని డాక్టర్లు చెప్పారు. అత్తయ్య చుక్కలు వేస్తారు, ఆయన వేయించుకుంటారు. రోగం ఉందని మాత్రం ఒప్పుకోరు.

"మిషన్ల లైట్లు మెరుస్తయి, కనవడ్డప్పుడల్లా బటన్ ఒత్తాలె. నేను ఒత్తేది జర లేటయింది, గంతే. చూపుకేమైంది? మంచిగనే ఉన్నది" అనేవారు.

నిజమే, ఎదురుగా ఉన్నదేదైనా ఆయనకి బాగానే కనిపించేది. పేపర్లో చిన్న అక్షరాలు నాకంటే ముందు చదివేవారు. రిటైరయ్యాక మా ఆయన స్కూటరు కూడా ముట్టుకోనివ్వకపోవడంతో ఆయనకి తల కొట్టేసినట్టయింది. దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళాలన్నా షేర్ ఆటో ఎక్కి, నడిపేవాడికి దారంతా తప్పులు చెబుతూ వెళ్ళేవారు. ఆ ఆటోవాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఒకరోజు నా కారు రేసు చూస్తూ "గివేనా బిడ్డా, బస్సులుండయా దీంట్ల?" అని అడిగారు. ఉంటాయి. బస్సు నడిపే ఆట ఒకటుంది, మన రోడ్లలాంటి రోడ్లు, మన బస్సుల్లాంటి బస్సులు కూడా ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి పెట్టారు. డౌన్‌లోడ్ చేసి ఇచ్చాను. ఆ రోజు నుంచి నా స్టీరింగు నాది కాకుండా పోయింది.

ఆయన లుంగీతో ఆడరు. ప్యాంటూ చొక్కా వేసుకుని వచ్చి కూర్చుంటారు. స్టాపు వస్తే ఆపుతారు, జనం ఎక్కేదాకా ఆగుతారు, ఊరికే హారన్ కొట్టరు. అత్తయ్య వెనక నుంచి పోతూ "ఇగ టికెట్లు నేను కొట్టాల్నా?" అంటే ఆయన నవ్వరు కూడా. డ్యూటీలో ఉన్న మనిషి కదా. నేను నడిపితే గోడలకీ స్తంభాలకీ రాసుకుంటూ పోయే బస్సు, ఆయన చేతిలో ఒక్క గీత పడకుండా ఊరు చుట్టి వచ్చేది.

కొన్నాళ్ళకి అది ఆటగా మిగల్లేదు. ఆయనకది సాక్ష్యమైపోయింది. భోజనాల దగ్గర కొడుకుతో రోజూ అదే మాట.

"ఇయ్యాల గూడ ఒక్క గీత వడలే. నీ పెండ్లాన్ని అడుగు. చూపు లేనోడు గిట్ల నడుపుతడా? స్కూటర్ తాళం ఇయ్యి."

మా ఆయన నావైపు చూసేవారు. నేను మామయ్య పక్షమే. ఇంట్లో నా మాట వినేది ఆయనొక్కరే కాబట్టి నాకూ ఆయన గెలవాలనే ఉండేది. "నిజంగానే చాలా బాగా నడుపుతున్నారండీ, మనమే తొందరపడ్డామేమో" అన్నాను. మళ్ళీ పరీక్ష చేయిద్దామంటే మామయ్య ససేమిరా అన్నారు. మా ఆయన కొన్నాళ్ళు నసిగి, చివరికి "సరే, గల్లీ చివరిదాకా అయితే చూద్దాంలే" అన్నారు. మామయ్య ఆ రోజు ఇంకో ముద్ద ఎక్కువ తిన్నారు.

ఆ ఊపులోనే నన్ను ఒక కోరిక కోరారు. "ఒక్కటే తక్కువున్నది బిడ్డా. ఎడమద్దం కనవడ్తలేదు. జనం దిగేది ఎడమ దిక్కే. అద్దం లేకుంట నడిపితే అది బస్సెట్లయితది?"

చిన్న తెర మీద ఎదురు రోడ్డే సరిపోతుంది, పక్కలు రావు. తెర మీదికి రాని చోట ఆట బళ్ళనీ తిప్పదు. పక్కన ఇంకో మానిటర్ పెడితే ఎడమవైపు రోడ్డూ అద్దమూ అందులోకి తెచ్చుకోవచ్చు. పెళ్ళయి వచ్చాక మామయ్య నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. కొనాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

నా సంగతేమిటంటే, కొత్తిమీర కట్ట కొన్నా నాలుగు బళ్ళు తిరుగుతాను. ఇక మానిటర్‌ని వదులుతానా? మీటింగుల్లో కెమెరా ఆపేసి, ఫోన్లో రేట్లు పోల్చుకుంటూ కూర్చున్నాను. సరదా ఆటకి మరీ వేగంగా బొమ్మ మార్చే తెర అక్కర్లేదు, అది డబ్బు దండగ. కానీ పక్క నుంచి చూసినా రంగు వెలిసిపోని తెర కావాలి, ఎందుకంటే ఆయన దాన్ని పక్క నుంచే చూస్తారు. కేబుల్ పెట్టెలో వస్తుందా, స్టాండు వంగుతుందా, అన్నీ రాసుకున్నంత గట్టిగా బుర్రలో పెట్టుకుని మెట్రో ఎక్కాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, మెట్లెక్కి వెళ్తే కంప్యూటర్ దుకాణాలున్న కాంప్లెక్సు ఒకటుంది. మొదటి దుకాణాయన గేమింగ్ అనే మాట వినగానే లేచి నిలబడ్డాడు.

"గేమింగ్ అంటే నూటనలభైనాలుగు హెర్ట్జ్ లేంది పనికిరాదు మేడమ్."

"బస్సండీ మేము నడిపేది, విమానం కాదు" అన్నాను.

ఇంకో చోట ఆఫీసుల నుంచి వచ్చిన పాత చదరపు మానిటర్లు చవగ్గా ఉన్నాయి. వెలిగించి చూస్తే మూలన పసుపు మరక. వద్దన్నాను. చివరికి పోయినేటి మోడలొకటి, పెట్టె చిరిగిందని తగ్గించి ఇస్తున్నది, ఇరవైనాలుగు అంగుళాలది దొరికింది. దాన్ని ఎదుటి నుంచి చూశాను, పక్క నుంచి చూశాను, వంగి చూశాను. ప్యానెల్ ఏమిటో అడిగాను, వారంటీ అడిగాను, వైరు పొడవు కూడా అడిగాను. చూసే కళ్ళ మాట నాకు తట్టనే లేదు. షేర్ ఆటోలో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఎల్బీ నగర్ వస్తుంటే యుద్ధం గెలిచి వస్తున్నంత గర్వంగా ఉంది.

అత్తయ్య కొత్త మానిటర్‌కి బొట్టు పెట్టారు. లాప్‌టాప్‌కి ఎడమ పక్కన దాన్ని నిలబెట్టి, తిప్పలుపడి సెట్టింగులు కుదిర్చాను. నా లాప్‌టాప్ పక్కన అది ఇంటి కిటికీ అంత ఉంది. మామయ్య అప్పటికే ప్యాంటూ చొక్కాతో తయారు. తల తిప్పి ఎడమద్దం చూసి "గిప్పుడు బస్సు లెక్క ఉన్నది" అన్నారు. ఆ మాటకి నా కష్టమంతా మర్చిపోయాను.

మొదటి స్టాపు వచ్చింది. ఆయన ఎదురుగా రోడ్డునే చూస్తూ నెమ్మదిగా బస్సుని ఎడమకి తీశారు. ధన్‌మని చప్పుడు. కొత్త తెర మీద ఒక బైకు పడి ఉంది.

"యాడికెల్లి ఒచ్చిండు?" అన్నారు మామయ్య. ఆట తప్పేమో అనుకుని మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఆటో. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ బైకు. ఇన్నాళ్ళూ గీత పడని బస్సు ఎడమవైపంతా నొక్కుకుపోయింది. నాకు చిరాకొచ్చింది. నేను పెట్టిన సెట్టింగులు తప్పంటారేమోనని చిరాకు.

"ఇందాకటి నుంచీ మన పక్కనే వస్తున్నాడు కదా మామయ్యా. తెర మీద ఇంత పెద్దగా కనిపిస్తూనే ఉన్నాడు" అన్నాను.

ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే ఎంత బాగుండును. ఆయన చేతులు స్టీరింగు మీద ఆగిపోయాయి. తల తిప్పకుండా, ఎదురుగా రోడ్డునే చూస్తూ అడిగారు.

"గిప్పుడేమన్న ఉన్నదా అటు దిక్కు?"

ఆ తెర మీద అప్పుడు పసుపుపచ్చ ఆటో ఒకటి కదులుతోంది. నా రెండు చేతులంత ఉంది. ఉందని ఎలా చెప్పను? లేదని అబద్ధమైనా చెప్పాల్సింది, అదీ చేతకాలేదు. ఆయన మెల్లగా తల తిప్పి ఆటోని చూశారు. మళ్ళీ తల ఎదురుగా పెట్టారు. మళ్ళీ తిప్పారు. అలా కాసేపు చూసుకుని, బస్సుని రోడ్డు పక్కకి తీసి, గేరు తప్పించి, బ్రేకు వేసి, అప్పుడు చేతులు తీశారు.

"దిల్‌సుఖ్‌నగర్ స్టాపు కాడ నా బస్సు తాకి ఒగాయన బండి మీదికెల్లి పడ్డడు బిడ్డా" అన్నారు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పగా నేను వినలేదు. "నన్ను దించేసే ముందట. నా ఎడమ దిక్కే. కాలు ఇరిగింది. యాడికెల్లి ఒచ్చినవ్ రా అని ఆయన్నే తిట్టిన. నలుగుట్ల తిట్టిన. గాయన ముందుగాల్నుంచి ఆడనే ఉన్నట్టుండు."

లేచి వెళ్ళి చొక్కా మార్చుకున్నారు. ఆ రోజు భోజనాల దగ్గర తాళం మాట ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు. చుక్కల వేళకి ఆయనే అత్తయ్యని పిలిచి, తల వెనక్కి వాల్చి కూర్చుంటున్నారు.

మా ఆయన సంగతి విని ఊపిరి పీల్చుకున్నారు. "మంచిదే అయింది. స్కూటరు ఇచ్చుంటే ఏమయ్యేదో ఆలోచించు" అన్నారు. అది నిజమని నాకూ తెలుసు. అయినా నాకు బాధగానే ఉంది. ఆ సంగతి ఆయనకి తెలియాల్సిందే, కానీ నేను బేరమాడి తెచ్చి, బొట్టు పెట్టించి, ఎదురుగా కూర్చోబెట్టి చూపించాల్సింది కాదు. ఏ డాక్టరో భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ చెప్పుంటే బాగుండేది. ఆయన గెలవాలని కోరుకున్నదీ నేనే, ఓడించిందీ నేనే.

ఇప్పుడా మానిటర్‌లో నా ఆఫీసు మెయిళ్ళు కనిపిస్తున్నాయి. రంగులు చాలా బాగున్నాయి, పక్క నుంచి చూసినా వెలిసిపోవు. మామయ్య ఈ గదిలోకి రావడం తగ్గించేశారు. మొన్న టీ ఇస్తూ ఉండబట్టలేక అడిగాను.

"దాన్ని తీసేస్తాను మామయ్యా. మీరు మళ్ళీ చిన్నదాంట్లోనే నడుపుకోండి. అందులో మీకు ఒక్క గీతైనా పడేది కాదు కదా."

ఆయన టీ తాగి గ్లాసు నా చేతికిచ్చారు.

"ఒద్దు బిడ్డా. అండ్ల నేను మంచిగ నడపలే. అండ్ల ఎడమ దిక్కే లేకుండె."